64, 80, 260: ఫోల్డర్ల దారికి ఈ హద్దులు ఎక్కడివి?

క్లుప్తంగా: ఫోల్డర్లు ఎంత లోతుకు వెళ్లవచ్చు, ఫైలు దారి ఎంత పొడవు ఉండవచ్చు అన్న పరిమితుల్లో చాలావాటికి డిస్కుతో సంబంధం లేదు. దారిని అక్షరాలుగా రాసుకోవడానికి అప్పటి ప్రోగ్రాములు మెమరీలో కేటాయించుకున్న చోటు కొలతే ఆ పరిమితి. విండోస్‌కు ముందున్న ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌లో అది 64 బైట్లు, విండోస్‌లో 260 అక్షరాలు. మెమరీ పెరిగాక కూడా ఆ అంకెలు మారకపోవడానికి కారణం వేరు. అప్పటికే రాసి, కంపైల్ చేసి (యంత్రం నడిపే రూపంలోకి మార్చి), అమ్మేసిన ప్రోగ్రాముల్లో అవి స్థిరపడిపోయాయి.

ఎప్పటివో ఫోల్డర్లను కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేస్తున్నప్పుడో, పెద్ద జిప్ ఫైలు విప్పుతున్నప్పుడో విండోస్ మధ్యలో ఆగిపోయి, ఫైలు పేరు మరీ పొడవుగా ఉందంటుంది. తీరా చూస్తే ఆ ఫైలు పేరు పది అక్షరాలు కూడా ఉండదు. కొన్నిసార్లు ఇంకా విచిత్రంగా, కళ్లెదుట కనిపిస్తున్న ఫోల్డర్‌ను తెరవడానికీ తుడవడానికీ వీలుండదు. డిస్కు పాడైందేమోనని టెన్షన్ పడి రిపేరుకు తీసుకెళ్లేవాళ్లూ ఉంటారు. డిస్కు బాగానే ఉంటుంది. అడ్డు పడుతున్నది పాత్ పొడవు, అంటే డ్రైవ్ అక్షరం మొదలుకొని మధ్యలోని ఫోల్డర్ల పేర్లన్నీ కలుపుకొని ఫైలు పేరు చివరిదాకా ఉండే మొత్తం వరుస.

డిస్కుకు లోతు తెలియదు

1981లో వచ్చిన మొదటి ఎమ్మెస్ డాస్‌లో ఫోల్డర్లే లేవు. ఫ్లాపీలో ఎన్ని ఫైళ్లున్నా అన్నీ ఒకే జాబితాలో ఉండేవి. అంతకుముందు చిన్న కంప్యూటర్లలో రాజ్యమేలిన సీపీఎం కూడా అంతే. ఫ్లాపీలో పట్టేదే కొద్ది ఫైళ్లు కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. 1983లో ఐబీఎం 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీని తెచ్చేసరికి పరిస్థితి మారింది. వందల ఫైళ్లను ఒకే జాబితాలో వెతుక్కోవడం కుదరదు. అందుకే దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో యూనిక్స్ తరహా సబ్ డైరెక్టరీలు, అంటే ఫోల్డర్లు, చేరాయి. యూనిక్స్‌లో పేర్ల మధ్య '/' గుర్తు ఉంటుంది. డాస్ 1లో కమాండ్ల ఆప్షన్లకు ఆ గుర్తును అప్పటికే వాడేశారు కాబట్టి, ఫోల్డర్ల మధ్య '\' పెట్టాల్సి వచ్చింది.

ఈ సబ్ డైరెక్టరీలను డిస్కు మీద రాసిన పద్ధతి చాలా సరళం. డాస్ వాడిన ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతిలో) ప్రతి ఫైలుకూ 32 బైట్ల నమోదు ఒకటి ఉంటుంది. పేరుకు 8 బైట్లు, ఎక్స్‌టెన్షన్‌కు 3, ఆ తర్వాత తేదీ, సమయం, సైజు, ఫైలు డిస్కులో ఎక్కడ మొదలవుతుందో చెప్పే క్లస్టర్ నంబరు. డైరెక్టరీ కూడా ఒక ఫైలే. కాకపోతే అందులో ఉండేవి ఇలాంటి 32 బైట్ల నమోదులు. ప్రతి సబ్ డైరెక్టరీలోనూ మొదటి రెండు నమోదులు చుక్క, రెండు చుక్కలు. మొదటిది తననే చూపుతుంది, రెండోది తన పై డైరెక్టరీని.

కాబట్టి ఏ డైరెక్టరీకైనా తన పైన ఎవరున్నారో, కింద ఎవరున్నారో మాత్రమే తెలుసు. తాను ఎన్నో అంతస్తులో ఉన్నదీ, తన దగ్గరికి వచ్చే దారి పొడవెంతన్నదీ డిస్కు మీద ఎక్కడా రాసి ఉండదు. ఈ నిర్మాణాన్ని బట్టి చూస్తే, ఖాళీ ఉన్నంతవరకు ఎంత లోతుకైనా పోవచ్చు.

నిజానికి ఫ్యాట్‌లో కచ్చితమైన హద్దు ఉన్నది లోతుకు కాదు, పై అంతస్తు వెడల్పుకు. రూట్ డైరెక్టరీకి డిస్కు ఫార్మాట్ చేసేటప్పుడే స్థలం కేటాయించేవారు. 360 కిలోబైట్ల ఫ్లాపీలో 112 నమోదులు, హార్డ్ డిస్కులో సాధారణంగా 512. అవి నిండితే, డిస్కు సగం ఖాళీగా ఉన్నా రూట్‌లో మరో ఫైలు పెట్టడం కుదరదు. విండోస్ 95 పొడవాటి పేర్లను తెచ్చాక ఈ ఇబ్బంది పెరిగింది. పొడవాటి పేరును 13 అక్షరాల చొప్పున ముక్కలు చేసి, ముక్కకు ఒక నమోదు వాడేవారు. 255 అక్షరాల పేరు ఒక్కటే 21 నమోదులు తినేస్తుంది.

64లో ఇమడాలి

మరి డాస్‌లో లోతుకు హద్దు ఎక్కడ వచ్చింది? డాస్ మెమరీలో. వాడుతున్న వ్యక్తి ప్రస్తుతం ఏ డైరెక్టరీలో ఉన్నాడో ప్రతి డ్రైవ్‌కూ విడిగా గుర్తుపెట్టుకునే పట్టిక ఒకటి డాస్ 3 నుంచి ఉంది. అందులో దారికి కేటాయించినవి 67 బైట్లు. డ్రైవ్ అక్షరం, కోలన్, '\' కలిపి మూడు. చివర 'ఇక్కడితో అయిపోయింది' అని చెప్పే సున్నా బైటు ఒకటి. మిగిలిన 63 అక్షరాల్లోనే డైరెక్టరీల పేర్లన్నీ ఇమడాలి. ప్రస్తుత డైరెక్టరీ ఏదని ప్రోగ్రాము డాస్‌ను అడిగినప్పుడు జవాబు కోసం అది 64 బైట్ల చోటు ఇవ్వాలని డాస్ నియమం. ఆ 64 అంటే ఈ 63, చివరి సున్నా.

దీనికి ఒక '\' గుర్తు, 8.3 పద్ధతిలో చుక్కతో కలిపి 12 అక్షరాల ఫైలు పేరు చేరిస్తే మొత్తం పాత్‌కు 80 బైట్లు అవుతాయి: 3, 63, 1, 12, చివరి సున్నా. అప్పటి ప్రోగ్రామర్లలో చాలామంది 80 బైట్ల చోటును కళ్లు మూసుకుని కేటాయించేవారంటే కారణం ఈ లెక్కే.

లోతు ఎంత అన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. డాస్‌లో 'ఇన్ని అంతస్తులే' అన్న నియమం విడిగా లేదు. ప్రతి డైరెక్టరీకి ఒకే అక్షరం పేరు పెడితే, మధ్యలో గుర్తులతో కలిపి 63లో 32 పేర్లు పడతాయి. అంటే 32 అంతస్తులు. ఎనిమిదేసి అక్షరాల పేర్లు పెడితే ఏడు అంతస్తులకే 62 అయిపోతాయి. పేర్లు పెరిగేకొద్దీ లోతు తగ్గుతుంది.

ఇంత పిసినారితనం ఎందుకని ఇప్పుడు అనిపించవచ్చు. అప్పటి పీసీలో ప్రోగ్రాములకు దొరికే మెమరీ గరిష్ఠంగా 640 కిలోబైట్లు. అందులోంచే డాస్ తన వాటా తీసుకోవాలి. ఇరవయ్యారు డ్రైవ్‌లకూ చోటు పెట్టుకుంటే దారుల కోసమే 1,742 బైట్లు. డ్రైవ్‌కు 260 చొప్పున ఇస్తే 6,760. కొన్ని కిలోబైట్లు మిగల్చడానికి వాడకందార్లు స్టార్టప్ ఫైళ్లను గంటలకొద్దీ సవరించుకున్న రోజులవి. పైగా కమాండ్ వరుసకే 127 అక్షరాల హద్దు ఉండేది. ఒక ఫైలును ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేయమని రాయాలంటే రెండు పాత్‌లు ఆ వరుసలోనే పట్టాలి. 80 అక్షరాల పాత్‌లు రెండింటిని రాయడానికి అక్కడే వీల్లేదు. అంటే 64ను పెంచినా, దాని ప్రయోజనం కమాండ్ వరుస దగ్గర ఆగిపోయేది.

దీన్ని దాటడానికి డాస్ 3.1లో వచ్చిన సబ్‌స్ట్ కమాండ్ బాగా పనికొచ్చింది. లోతైన డైరెక్టరీకి ఒక కొత్త డ్రైవ్ అక్షరం ఇస్తే, లెక్క అక్కడి నుంచి మళ్లీ మూడుతో మొదలవుతుంది. డిస్కు మీద ఏమీ మారదు, రాసుకునే వరస మాత్రం పొట్టిదవుతుంది. లోతు డిస్కు సమస్య కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఎనిమిది అంతస్తుల సీడీ

నిజంగా అంతస్తులను లెక్కపెట్టి హద్దు గీసిన వ్యవస్థలూ ఉన్నాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వ్యాక్స్ యంత్రాల మీద నడిచిన వీఎంఎస్‌లో డైరెక్టరీలు ఎనిమిది అంతస్తులకు మించి వెళ్లవు. ఫైలు పేరుకు 39 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు మరో 39.

1988లో ప్రమాణంగా వచ్చిన ఐఎస్ఓ 9660, అంటే సీడీల ఫైల్ సిస్టమ్, సరిగ్గా ఇదే ఎనిమిదిని పెట్టుకుంది. రూట్‌ను కూడా ఒక అంతస్తుగా లెక్కేస్తుంది కాబట్టి దాని కింద మిగిలేవి ఏడు. పేర్లన్నీ కలిపిన దారి కూడా 255ను దాటకూడదు, అంటే ఒక్క బైటులో చెప్పగలిగే అతిపెద్ద అంకె. ఈ ప్రమాణానికి పునాది వేసిన హై సియెర్రా బృందంలో డిజిటల్ కంపెనీ కూడా ఉంది కాబట్టి, రెండుచోట్లా ఎనిమిది రావడం కేవలం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. ఒకే సీడీ డాస్‌లోనూ వీఎంఎస్‌లోనూ మాకింటోష్‌లోనూ చదవగలిగేలా ఉండాలంటే, అన్నిటిలోకీ తక్కువ శక్తి ఉన్నదాన్నే కొలతగా తీసుకోవాలి. ఆ కోణంలో ఎనిమిది అంతస్తులు, 8.3 పేర్లు సమంజసమైన నిర్ణయాలే.

సమస్య తర్వాత వచ్చింది. హార్డ్ డిస్కులో లోతుగా పెరిగిన ఫోల్డర్లను సీడీలో బ్యాకప్ తీయబోతే, తొమ్మిదో అంతస్తు దగ్గర రైటింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయించేది. యూనిక్స్ వాళ్ల రాక్ రిడ్జ్ పద్ధతి దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. మరీ లోతైన డైరెక్టరీని రూట్‌కు దగ్గరగా తెచ్చి పెట్టి, అసలు చోటు ఫలానా అని ఒక గుర్తు రాసిపెడుతుంది. చదివేటప్పుడు ఆ గుర్తును బట్టి దాన్ని తిరిగి అసలు చోట చూపిస్తారు. మైక్రోసాఫ్ట్ తెచ్చిన జోలియెట్ 64 అక్షరాల యూనికోడ్ పేర్లను అనుమతించి, ఎనిమిది అంతస్తుల నియమాన్ని పక్కన పెట్టేసింది.

దారిని దాచుకోని వ్యవస్థలు

ఫోల్డర్‌లో ఫోల్డర్ అనే ఆలోచన మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. దాని డైరెక్టరీ చెట్టు నమూనా 1965లోనే ప్రచురితమైంది. అక్కడ పాత్‌కు 168 అక్షరాలు, ఒక్కో పేరుకు 32 చోటు ఉండేది. దాని తర్వాత వచ్చిన యూనిక్స్‌లో పేరు హద్దు 14కు పడిపోయింది. డైరెక్టరీలో ఒక నమోదు 16 బైట్లు. రెండు ఐనోడ్ (ఫైలు వివరాలుండే నమోదు) నంబరుకు, మిగతావి పేరుకు.

కానీ దారి విషయంలో తొలి యూనిక్స్ డాస్ కంటే తెలివిగా నడుచుకుంది. ప్రోగ్రాము ఇచ్చిన పాత్‌ను కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ప్రధాన భాగం) మొత్తంగా తన దగ్గర రాసుకునేది కాదు. ఒక్కో అక్షరం తీసుకుంటూ, ఒక్కో పేరునూ ఆ డైరెక్టరీలో వెతుక్కుంటూ ముందుకు పోయేది. ప్రస్తుత డైరెక్టరీని కూడా ఐనోడ్‌గా గుర్తుపెట్టుకునేది, అక్షరాల వరుసగా కాదు. అందువల్ల అక్కడ 64 లాంటి అంకెకు అవసరమే రాలేదు.

తర్వాతి రోజుల్లో యూనిక్స్ కూడా పాత్‌ను ఒకేసారి కాపీ చేసుకునే పద్ధతికి మారింది. బీఎస్‌డీలో 1,024 బైట్లు, లైనక్స్‌లో 4,096. అయినా ఇవి ఒక్కసారి రాసి ఇచ్చే పాత్‌కు మాత్రమే హద్దులు. డైరెక్టరీలోకి వెళ్లి, అక్కడ ఇంకొకటి సృష్టించి, దానిలోకి వెళ్లి, ఇలా చేస్తూ పోతే 4,096ను దాటి లోతుకు పోవచ్చు. ఆ అడుగున ఉన్న ఫైలును పూర్తి పాత్‌తో పిలవడం కుదరదు, అంతే.

మాకింటోష్ కథ మరోలా ఉంది. 1984లో వచ్చిన మొదటి మ్యాక్‌లో ఫోల్డర్లు తెర మీద బొమ్మలే, డిస్కు మీద అన్ని ఫైళ్లూ ఒకే జాబితా. 1985లో వచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్రతి ఫోల్డర్‌కూ ఒక నంబరు ఇచ్చింది. ప్రోగ్రాములు 'ఫలానా నంబరు ఫోల్డర్‌లో ఫలానా పేరు' అని అడిగేవి. అక్షరాల్లో రాసిన పాత్‌కు 255 హద్దు ఉన్నా, పాత్ వాడమని ఆపిల్ ఎవరినీ ప్రోత్సహించలేదు కాబట్టి అది ఎవరికీ పెద్దగా తగల్లేదు. వాళ్లకు తగిలింది పేరుకున్న 31 అక్షరాల పరిమితి.

260 ఎందుకు కదల్లేదు

విండోస్ 95 నాటికి 640 కిలోబైట్ల గోల తీరింది. పేర్లు 255 అక్షరాల దాకా ఉండొచ్చన్నారు. పాత్‌కు మాత్రం 260 అన్నారు. డ్రైవ్‌కు మూడు, దారికి 256, చివరి సున్నాకు ఒకటి. ఫోల్డర్ సృష్టించేటప్పుడైతే 248 దగ్గరే ఆపేస్తుంది. ఆ ఫోల్డర్‌లో కనీసం ఒక 8.3 పేరు పట్టాలి కదా, అందుకు 12 తీసి పక్కన పెట్టారు.

ఇక్కడ వింత ఏమిటంటే, 1993లోనే వచ్చిన విండోస్ ఎన్టీ లోపల ఈ హద్దు లేదు. ఎన్టీ కెర్నల్ పాత్ పొడవును 16 బిట్ల అంకెలో, బైట్లలో లెక్కపెట్టుకుంటుంది. అక్షరానికి రెండు బైట్లు కాబట్టి 32,767 అక్షరాల దాకా పోవచ్చు. 260 ఉన్నది దానిపైన ఉన్న విన్32 పొరలో, అంటే ప్రోగ్రాములు విండోస్‌తో మాట్లాడే పొరలో. పాత్‌కు ముందు \\?\ అని చేరిస్తే ఆ పొర తన తనిఖీలను మానేసి, ఇచ్చింది ఇచ్చినట్టు కెర్నల్‌కు పంపిస్తుంది.

మరి ఆ 260ను 2,600 చేసేస్తే పోయేది కదా? కుదరదు. బ్యాంకు ఫారంలో పేరుకు ఇన్ని గళ్లు అని ఒకసారి అచ్చు వేసి ఊళ్లన్నిటికీ పంపాక, హెడ్డాఫీసు నియమం మార్చినంత మాత్రాన జనం చేతుల్లో ఉన్న ఫారాల్లో గళ్లు పెరగవు. ప్రోగ్రాములు కూడా అంతే. 260 అనే అంకె కంపైల్ చేసినప్పుడే వాటి లోపల స్థిరపడింది. అలాంటి ప్రోగ్రాముకు విండోస్ 400 అక్షరాల పాత్‌ను అందిస్తే, మిగిలిన 140 పక్కనున్న మెమరీని తొక్కుకుంటూ పోతాయి. ప్రోగ్రాము కూలిపోతే నయం. కూలకుండా నడిస్తే, అది చొరబాటుదార్లకు తెరిచిన తలుపు అవుతుంది.

అందుకే 2016లో విండోస్ 10 వెర్షన్ 1607లో మైక్రోసాఫ్ట్ మధ్యేమార్గం పట్టింది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) సెట్టింగ్ మార్చాలి, దానికి తోడు ప్రోగ్రాము కూడా తన మేనిఫెస్ట్‌లో (తన గురించిన వివరాల పత్రంలో) 'పొడవాటి పాత్‌లు నాకు తెలుసు' అని ప్రకటించాలి. రెండూ ఉంటేనే 260 తొలగుతుంది. ఇంటర్నెట్‌లో సలహా చూసి రిజిస్ట్రీ మార్చినవాళ్లకు చాలాసార్లు ఫలితం కనిపించకపోవడానికి కారణం రెండో షరతు.

ఈ అంకె ప్రభావం విండోస్ బయటికి కూడా పాకింది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఎన్‌పీఎం మొదట్లో ప్రతి ప్యాకేజీ లోపల దానికి అవసరమైన ప్యాకేజీలను, వాటి లోపల మళ్లీ వాటికి కావలసినవాటిని పెట్టుకుంటూ పోయేది. లైనక్స్, మ్యాక్ వాళ్లకు సాఫీగా సాగిపోయింది. విండోస్ వాడే డెవలపర్లకు మాత్రం ప్రాజెక్టును తుడవడం కూడా కష్టమయ్యేది. 2015లో వచ్చిన మూడో వెర్షన్ ఆ ప్యాకేజీలను వీలైనంతవరకు ఒకే అంతస్తులో పరిచింది. ఆ మార్పుకు ఉన్న కారణాల్లో 260 ఒకటి.

కనిపిస్తుంది, తుడవడం కుదరదు

హద్దు ఉన్నప్పుడు దాన్ని దాటిన ఫోల్డర్లు అసలు ఎలా పుడతాయన్నది సహజమైన సందేహం. ఫోల్డర్ పేరు మార్చినప్పుడు విండోస్ ఆ ఫోల్డర్ పాత్‌ను మాత్రమే చూస్తుంది. దాని కింద ఉన్న వేలాది ఫైళ్ల పాత్‌లు ఎంత పెరిగాయో చూడదు. చూడాలంటే చెట్టంతా తిరగాలి. డిస్కు మీద మారేది ఒక్క నమోదు అయినప్పుడు అంత పని ఎవరూ పెట్టుకోరు. 'బిల్లులు' అన్న ఫోల్డర్‌ను 'బిల్లులు గత సంవత్సరానివి ఆడిట్ కోసం' అని మార్చగానే, అడుగున ఉన్న కొన్ని ఫైళ్లు గీత దాటిపోతాయి.

నెట్‌వర్క్ షేర్లది రెండో దారి. సర్వర్‌లో లోతుగా ఉన్న ఫోల్డర్‌ను ఎవరైనా తమ కంప్యూటర్‌లో ఒక డ్రైవ్‌గా పెట్టుకుంటే, వాళ్ల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. వాళ్లకు 200 అక్షరాలున్న ఫైలు, సర్వర్ దగ్గర కూర్చున్నవాళ్లకు 300 కావచ్చు. క్లౌడ్ నిల్వలోనూ ఇదే జరుగుతుంది. వన్‌డ్రైవ్‌లో పాత్‌కు 400 అక్షరాల దాకా అనుమతి ఉంది. అవే ఫైళ్లు కంప్యూటర్‌లోకి సింక్ అయినప్పుడు ముందు యూజర్ పేరు, సంస్థ పేరు వచ్చి చేరతాయి. సంస్థ పేరు పొడవైతే ఆ ఆఫీసులో ఇబ్బందులూ ఎక్కువే.

ఇలాంటివి విడిపించడానికి సబ్‌స్ట్ ఇప్పటికీ పనిచేస్తుంది. పై ఫోల్డర్ల పేర్లను ఒక్కొక్క అక్షరానికి కుదించుకుంటూ రావడం ఇంకా తేలిక. విండోస్‌తోపాటే వచ్చే రోబోకాపీ పొడవాటి పాత్‌లను అర్థం చేసుకుంటుంది కాబట్టి, ఒక ఖాళీ ఫోల్డర్‌ను మొండికేసిన ఫోల్డర్ మీదికి మిర్రర్ చేయిస్తే (అచ్చం ఖాళీదానిలాగే మార్పిస్తే) లోపలిదంతా పోతుంది. సోర్సు ఏదో, గమ్యం ఏదో తారుమారైతే మాత్రం పోయేవి వేరే ఫైళ్లు.

తెలుగు పేర్లకు లెక్క వేరు

పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. హద్దు అక్షరాల్లోనా బైట్లలోనా అన్నది ఒక్కో వ్యవస్థలో ఒక్కోలా ఉంటుంది. 'ఆంధ్రప్రదేశ్' అన్న పేరు చదివేవారికి అయిదు అక్షరాలు. యూనికోడ్‌లో ఒత్తులు, గుణింతాల గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడి సంకేతాలు కాబట్టి అది 12. విండోస్ ఈ 12నే లెక్కిస్తుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 బైట్లు లెక్కపెడుతుంది. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడుతుంది కాబట్టి అక్కడ అదే పేరు 36.

ఎక్స్‌ట్4లో ఒక పేరుకు 255 బైట్లు ఇచ్చారు. ఇంగ్లిష్ పేరుకు అవి 255 అక్షరాలు. తెలుగుకు 85 సంకేతాలు, అంటే చదివే లెక్కలో సుమారుగా ముప్పై నుంచి నలభై అక్షరాలు. ఎక్స్‌టెన్షన్ పెడితే ఇంకొంచెం తక్కువ. పుస్తకాల స్కాన్లకో పాత పాటల ఫైళ్లకో పూర్తి శీర్షిక, రచయిత పేరు, సంవత్సరం కలిపి తెలుగులో పేరు పెట్టేవాళ్లు ఈ గీతను తేలిగ్గా దాటుతారు. విండోస్‌లో ఏ గొడవా లేకుండా ఉన్న 100 సంకేతాల పేరు, లైనక్స్ సర్వర్‌కు పంపేటప్పుడు ఆగిపోతుంది. అక్కడ పాత్ మొత్తానికి 4,096 ఉన్నా ఉపయోగం లేదు, ఎందుకంటే తగిలింది పేరు హద్దు. అలాంటి ఫైళ్లను తరలించేటప్పుడు వివరమంతా ఫైలు పేరులో కుక్కకుండా, రచయిత పేరుతో ఒక ఫోల్డర్, దాని కింద పుస్తకం పేరుతో ఫైలు అని విడదీస్తే పేరు హద్దు తగలదు. తిరిగి విండోస్‌కు తెచ్చుకున్నప్పుడు మాత్రం ఆ ఫోల్డర్ల పేర్లన్నీ 260 లెక్కలోకి వస్తాయి.